మన అక్షరం, మైకు గుర్తు

2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తించే అక్షరాల పట్టికలో మనకూ చోటు దొరికింది. యంత్రం మనల్ని గుర్తించిందని అప్పట్లో సంబరంగా చెప్పుకున్నాం. ఇప్పుడు ఆ మాట సరికాదనిపిస్తోంది.

యంత్రం తనంతట తాను ఎవరినీ గుర్తించదు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో రాతప్రతులను కాపాడింది మన పెద్దలు. వాటిని చదవగలిగినవాళ్లు అప్పటికి కొద్దిమందే మిగిలారు. పరిశోధకులు వాళ్ల దగ్గరికి వచ్చారు, తర్వాత ఫాంటు తయారైంది. చేత్తో రాసేటప్పుడు ఒకే అక్షరాన్ని ఇద్దరు రెండు తీర్లుగా రాస్తారు. ఫాంటులో ఒక్క తీరే ఉంటుంది. అందులోకి ఎక్కని తీరు రేపటి పిల్లలకు తప్పుగా కనబడుతుంది. మనిషి చేసిన నిర్ణయమే యంత్రంలోంచి నియమమై మనిషి మీదికి తిరిగొస్తుంది.

పైగా అంతకు ఏడాది ముందే, 2017లో, మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగల్‌సింగ్ మసరామ్ 1918లో తయారుచేసిన గోండి లిపి కూడా యూనికోడ్‌లో చేరింది. ఒక భాషకు రెండు లిపులు! రెండూ మనవే అంటాం గానీ, బడిలో రెండూ రాయించలేం. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఇప్పటికే పిల్లల నెత్తిన ఉన్నాయి.

మరి పిల్లలేం చేస్తున్నారు? ఫోన్‌లో గోండిని తెలుగు అక్షరాలతో కొడుతున్నారు. మహారాష్ట్ర వైపు ఉన్న మేనమామ కొడుకు దేవనాగరిలో జవాబిస్తాడు. ఒకరిది ఒకరికి అందక, చివరికి మైకు గుర్తు నొక్కి మాటలే పంపుకుంటున్నారు. చదువురాని అవ్వ కూడా అందులో కలిసి మనవణ్ణి తిడుతోంది. ఆ గుర్తును తయారుచేసినవాళ్లు మనల్ని తలచుకుని ఉండరు. మాట మీదే బతికిన భాష దాన్ని తనదిగా చేసుకుంది.

ఇక్కడే మాలో మాకు పేచీ. గొంతుతో పని నడుస్తుంటే లిపి భారం పిల్లల మీద ఎందుకని కొందరంటారు. అర్జీలూ భూమి కాగితాలూ గొంతుతో నడవవు కదా అని కొందరం. మేము ఈ రెండోవైపు. అయినా ఒక భయం ఉంది. పరాయి అక్షరం ముందు మేము చిన్నప్పుడు తలవంచుకున్నట్టు, మా పిల్లలు సొంత అక్షరం ముందు తలవంచుకోకూడదు.

అందుకే వాళ్లు పంపుకున్న మాటలనే వినిపించి, వాటినే గుంజాల లిపిలో పలక మీద రాయిస్తున్నాం. అక్షరం వంకర పోతే పక్కన ఇంకోసారి రాసి చూపిస్తాం. వాళ్లు రాసింది మాత్రం చెరపం.