పల్లానికి పోయిన మట్టి

మన దేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కోతకు గురవుతోందని 1983లో ధ్రువనారాయణ, రామ్‌బాబు లెక్కగట్టారు. హెక్టారుకు సగటున 16.35 టన్నులు. నేల, నీటి సంరక్షణ చదివినవాళ్లెవరూ ఈ అంకెను మర్చిపోలేరు. నేనూ దాన్ని పరీక్షల్లో రాశాను, క్లాసుల్లో చెప్పాను, ప్రతి ప్రాజెక్టు దరఖాస్తులో మొదటి పేరాలోనే పెట్టాను. ఆ లెక్కలో ఇంకో భాగం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కోతపడ్డ మట్టిలో 29 శాతం సముద్రం పాలవుతుంది, 10 శాతం జలాశయాల్లో పూడికగా చేరుతుంది. మిగతా 61 శాతం ఎక్కడికీ పోదు. ఒకచోట లేచి ఇంకోచోట కూర్చుంటుంది, అంతే.

మరి దాన్ని నష్టమనొచ్చా?

నూజివీడు వాడిగా ఈ ప్రశ్న నన్ను ఎప్పుడూ వదల్లేదు. మాది మెరక. కాలవ నీళ్లు ఎక్కని ఎర్రనేల కాబట్టే ఇక్కడ మామిడి నిలబడింది. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం అని మేం ఎంత గొప్పలు పోయినా, మా ఇళ్లల్లో పెద్దవాళ్లు కాలవ కింద మాగాణి ఉన్న చుట్టాలతో మాట్లాడేటప్పుడు గొంతు కాస్త తగ్గించేవాళ్లు. ఆ మాగాణి ఎక్కడిది? కృష్ణా డెల్టా అంటే సహ్యాద్రి నుంచి ఇక్కడిదాకా ఎందరో పోగొట్టుకున్న నేల. మా వైపు మట్టి తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు పట్టుకుని కొల్లేటికి దిగుతుంది. 2022లో నూజివీడును కృష్ణా జిల్లా నుంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపితే ఊళ్లో బోలెడంత చర్చ జరిగింది. మా మట్టి అటు వెళ్లడం మొదలెట్టి ఎన్ని వేల ఏళ్లయిందో!

పెదనాన్న వేసిన పెద్దరసం చెట్ల కింద నిలబడి చూస్తే ఈ ప్రయాణం కంటికి కనబడుతుంది. మొదలు చుట్టూ వేళ్లు పట్టి ఉంచిన మట్టి దిబ్బగా మిగిలింది, వరసల మధ్య నేల కిందికి దిగింది. రెండు మొదళ్ల మధ్య పురికొస బిగించి కట్టి, నడిమధ్యన స్కేలు దించితే దిగుడు ఎంతో తెలిసిపోతుంది. పాదులు చేసినప్పుడు ఎగదోసిన మట్టిని మాత్రం లెక్కలోంచి తీసేయాలి. హెక్టారు మీద సెంటీమీటరు మందం మట్టి దాదాపు 150 టన్నులు తూగుతుంది. అంటే ఆ 16.35 టన్నులు ఏడాదికి ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఏ ఏడాదికా ఏడాది చూస్తే కంటికి ఆనదు. చెట్టుకు నలభై ఏళ్లొచ్చేసరికి నాలుగు సెంటీమీటర్లు దాటుతుంది, పై వేళ్లు ఎండకు తేలతాయి. మా ప్రాజెక్టులకేమో మూడేళ్ల గడువు ఇచ్చేవారు. ప్రమోషన్లకు లెక్కలోకి వచ్చింది వ్యాసాల సంఖ్యే.

నేను ఇలా పురికొస పట్టుకుని తిరుగుతుంటే పెదనాన్న చుట్ట ఆర్పి అడిగాడు: “ఒరే, నా మట్టి కిందోడి తోటలోకి పోతే, పైవోడి మట్టి నా తోటలోకి రాదంట్రా? లెక్క సరిపోయిందిగా!”

ఇంతకంటే గట్టి ప్రశ్న నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. దీనికి జవాబు వాన చేసే పనిలో ఉంది. చినుకు ముందు మట్టిగడ్డను చిదుపుతుంది. పారే నీరు అందులోంచి తేలికైన బంకరేణువులను, ఆకులు కుళ్లి తయారైన జీవపదార్థాన్ని, ఆ రేణువులను అంటుకున్న భాస్వరాన్ని ఎత్తుకుని దూరం పోతుంది. ఇసుకనూ గరుసునూ దగ్గర్లోనే దించేస్తుంది. కాబట్టి పైవాడి నుంచి పెదనాన్నకు వచ్చేది ఎక్కువగా ఇసుక, పెదనాన్న నుంచి పోయేది ఎక్కువగా సారం. తూకం సరిపోవచ్చు. చెట్టుకు తూకంతో పనేముంది?

ఈ సంగతి పుస్తకాలకంటే ముందే ఊళ్లకు తెలుసు. వేసవిలో చెరువు ఎండగానే అడుగు మట్టి బండ్ల మీద పొలాలకు తోలుకునేవారు. పోయిన సారాన్ని అది ఆగిన చోటికి వెళ్లి తెచ్చుకోవడమన్నమాట. 2015లో తెలంగాణ మిషన్ కాకతీయ మొదలుపెట్టి చెరువుల పూడిక తీయిస్తే, ఆ మట్టి కోసం రైతులు ట్రాక్టర్లు కట్టుకొచ్చారు. మా శాస్త్రం ఆ మట్టిలో ఏముందో కొలిచి చెప్పింది, అలవాటు మాత్రం ఊళ్లదే. కొల్లేటి దాకా పోయినదాన్ని మాత్రం ఏ బండీ వెనక్కి తేలేదు.

నేల కోతను అంచనా వేయడానికి అమెరికాలో విష్‌మీర్, స్మిత్ ఇచ్చిన సమీకరణం ఉంది. వాన తాకిడి, నేల గుణం, వాలు పొడవు, వాలు నిటారుతనం, నేల మీది కప్పు, రైతు తీసుకునే రక్షణ, ఈ ఆరింటినీ గుణిస్తే జవాబు వస్తుంది. అది చెప్పేది ఎన్నో ఏళ్ల సగటే. ఒక్క రాత్రి కురిసే వానకు దాన్ని అంటగట్టకూడదు. జనం ఆ పనే చేస్తుంటే 1976లో విష్‌మీర్ తన సమీకరణం దుర్వినియోగం గురించి తానే వ్యాసం రాయాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు ఇళ్లల్లో మేటవేసిన బురదను టీవీలో చూస్తూ నాకు ఆ వ్యాసమే గుర్తొచ్చింది. నేలను ఎక్కువగా కోసేది ఏడాదిలో రెండు మూడు వానలే. ఆ వానలు వచ్చేనాటికి నేల మీద కప్పు ఉందా లేదా అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

మామిడి తోటలో ఆ కప్పు గడ్డే. సరిగ్గా వానాకాలంలోనే రోటవేటర్ పెట్టి దాన్ని తిప్పేస్తారు. అద్దంలా దున్నిన తోట చూడముచ్చటగా ఉంటుందని మా ఊరి అభిప్రాయం, అలా ఉంచనివాణ్ని బద్ధకస్తుడంటారు. పైగా తోటలు చాలావరకు రెండు మూడేళ్ల గుత్తకు పోతాయి. గుత్తదారుకు నున్న మామిడి మార్కెట్‌లో టన్ను కాయ ఎంత పలుకుతుందో తెలుసు. టన్ను మట్టికి అక్కడ పాటలేదు. అతన్ని తప్పుపట్టలేను, మూడో ఏడు తర్వాత ఆ చెట్లతో అతనికి సంబంధం ఉండదు. అసలు నా ఉద్యోగమంతా వాలుతో, వానతో కుస్తీపట్టానని అనుకుంటారు గాని, నేను ఎక్కువగా తలపడింది ఈ మూడేళ్లతోనే.

పెదనాన్న తోట ఇప్పుడు నా చేతికొచ్చింది. ఈసారి గుత్త కాగితంలో ఒక షరతు కొత్తగా చేర్పించాను: వానాకాలంలో గడ్డి కోయాలే గాని దున్నకూడదు, తర్వాత దున్నినా వాలుకు అడ్డంగానే దున్నాలి. గుత్తదారు ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు.

“ఇలాగైతే ధరలో ఎంత తగ్గిస్తారండీ?” అని అడిగాడు.

కాసేపు బేరమాడి, తగ్గించాను.