చక్రాల కుర్చీ: వాహనమా, పాదమా?

భగవత్సేవలో శరీరమందలి ప్రతి అవయవమునకును ఒక పని కలదు. కన్నులు దర్శించును, చేతులు అంజలి ఘటించును, నాలుక నామమును పలుకును, శిరస్సు వంగును, పాదములు ప్రదక్షిణము చేయును. మరి పాదములు కదలని భక్తుని మాట యేమి? ఆతడు చక్రాల కుర్చీపై కూర్చుండి ఆలయమునకు వచ్చినచో అది సేవయగునా, అపచారమగునా? ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో వినబడుచున్నది గాన శాస్త్రదృష్టితో విచారింపదగియున్నది.

కాళ్లు పడిపోయినవారు పూర్వము ఇంటి మూలనే కాలము గడపుచుండిరి, లేదా ఒకరి భుజములపైనో డోలీలోనో పోవుచుండిరి. రెండవ ప్రపంచయుద్ధమున వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కొరకు కెనడా దేశపు ఇంజనీరు జార్జి క్లైన్ విద్యుత్తుతో నడచు కుర్చీని రూపొందించెను. మన దేశమున 1972లో కాన్పూరునందు స్థాపింపబడిన అలింకో సంస్థ మోటారు ట్రైసైకిళ్లను తయారుచేయుచున్నది. మదరాసు ఐఐటి వారి కృషివలన 2020లో వెలువడిన నియోబోల్ట్ అను యంత్రమును చేతితో త్రోయు కుర్చీకి ముందు తగిలించినచో అది గంటకు 25 కిలోమీటర్ల వేగము వరకు రోడ్డుపై నడచును. మన రాష్ట్రమున వికలాంగుల సహకార సంస్థ కూడ మోటారు బండ్లను పంపిణీ చేసినది. బ్యాటరీ కుర్చీలో చేతిక్రింద చిన్న మీట యొకటి యుండును. దానిని ఎటు వంచిన కుర్చీ అటు పోవును, విడిచిన నిలుచును. ఒక్క వ్రేలు కదలువాడు సైతము ఇతరులను పిలువక వీధి దాటగలుగుచున్నాడు.

హనుమకొండలో నేనెరిగిన ఒక గృహిణి బాల్యమున పోలియో వలన రెండు కాళ్లు కోల్పోయినది. ఇంట బ్యాటరీ కుర్చీపైననే వంట చేయును, తులసికి నీరు పోయును. ఒక ముక్కోటి ఏకాదశినాడు ఆమె ఒక ఆలయమునకు పోగా, "బండి లోపలికి రాదు" అని ద్వారమున ఆపిరి. కుమారులిద్దరును ఆమెను ఎత్తుకొనిపోయి దర్శనము చేయించిరి. పిదప ఆమె నన్నడిగిన ప్రశ్న యిది: "స్వామీ, దర్శనమైతే అయినది. కాని నన్ను మూటవలె మోసికొనిపోయిరి. నా అంతట నేను స్వామి చుట్టు ఒక్క ప్రదక్షిణము చేసికొనవలెనని కోరిక. అది తప్పా?" ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట పండితులపై నున్న ఋణమని నా భావన.

ఆపినవారి పక్షమున కూడ ప్రమాణము లేకపోలేదు. సేవాపరాధములు ముప్పదిరెండని పెద్దలు లెక్కించిరి. వాహనమునెక్కి గాని, పాదుకలు ధరించి గాని భగవద్గృహమున ప్రవేశించుట అందొకటి. తీర్థయాత్రను యానముపై చేసినవానికి ఫలము లేదని మత్స్యపురాణము ప్రయాగమాహాత్మ్య సందర్భమున చెప్పుచున్నది. ఈ రెండు వచనములను చూపి, కుర్చీయు వాహనమే గాన నిషిద్ధమని పూర్వపక్షము.

దీనికి కొందరు వ్యుత్పత్తితో సమాధానము చెప్పుదురు. దేనిచేత చరింతుమో అది చరణము. ఆ గృహిణి చరించునది కుర్చీచేతనే గాన ఆమెకు కుర్చీయే చరణమని వారి వాదము. ఇది చెవికి ఇంపుగా నున్నను సిద్ధాంతమునకు చాలదు. యోగార్థము కంటె రూఢి బలీయమని మీమాంసకుల మర్యాద. లోకమున కుర్చీని ఎవరును కాలని పిలువరు. గాన నిషేధ తాత్పర్యమునే పరిశీలింపవలెను.

మత్స్యపురాణ వచనము యానమును ఊరక నిందింపలేదు. ఐశ్వర్యముచేత గాని, లోభముచేత గాని, మోహముచేత గాని యానమునెక్కినవానికే ఫలహానిని చెప్పినది. సంపద చూపుకొనుట, దేహమును సుఖపెట్టుకొనుట, వివేకము లేకుండుట అనునవి అచట దోషములు. కాళ్లు లేనివాడు కుర్చీనెక్కుటలో ఈ మూటిలో ఏదియు లేదు. ఆతడు పాదముల నుండి వాహనమునకు ఎక్కినవాడు కాడు. నేలపై ప్రాకుట నుండి నిటారుగా కూర్చుండుటకు ఎక్కినవాడు. ఆలయద్వారమున వాహనము దిగుట యనగా అహంకారము దిగుటయే. దిగుటకు కాళ్లు లేనివానికి ఆ నిషేధము చేసెడి ఉపకార మేమి?

సంప్రదాయము కూడ ఈ తాత్పర్యమునే సమర్థించుచున్నది. తిరుప్పాణాళ్వారులు శ్రీరంగక్షేత్రమున అడుగిడుటకు తాము తగమని తలచి కావేరి ఒడ్డుననే నిలిచి రంగనాథుని గానము చేయుచుండిరి. లోకసారంగముని తీర్థమునకై వచ్చి, దారి తొలగుమని కేక వేసి, ధ్యానమగ్నులైన వారిపై రాయి విసరెను. ఆ గాయము స్వామి తిరుమేనియందే కానవచ్చెను. "నా భక్తుని నీ భుజములపై తీసికొనిరమ్ము" అని స్వామి ఆజ్ఞ. మునియే వాహనమై ఆళ్వారులను సన్నిధిలోనికి మోసెను. నాటి నుండి వారికి మునివాహనులని పేరు కలిగినది. దారి తొలగుమన్నవాడే దారియైనాడు! భుజములపైనెక్కి గర్భాలయమునకు పోవుట అచట అపరాధము కాలేదు సరికదా, అడ్డగించుటయే అపరాధమైనది.

భగవద్రామానుజులు తిరుమలను పాదములతో త్రొక్కుటకు వెరచి మోకాళ్లతో ఎక్కిరని ఐతిహ్యము. మోకాళ్ల పర్వతము నేటికిని ఆ పేరుతోనే యున్నది. పాదములు గలవారే పాదములను ప్రక్కకు నెట్టిరి. వారికి ముఖ్యమైనది వినయము. మరి మనమో? 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది వచ్చినప్పటి నుండి కాళ్లు గలవారమందరము బస్సులలోనే కొండనెక్కుచున్నాము. ఆ యానమును సహించిన మనస్సు కాళ్లు లేనివాని కుర్చీని సహింపకపోవుట ధర్మమగునా?

ఇక కర్మాధికార విచారము. జైమిని మహర్షి మీమాంసా సూత్రముల ఆరవ అధ్యాయమున అంగహీనునకు యజ్ఞాధికారము కలదా యని చర్చించెను. ధనహీనుడు ధనమార్జించి అధికారి యగునట్లే, పరిహరింపదగిన వైకల్యము గలవాడు దానిని పరిహరించుకొని అధికారి యగునని అచటి నిర్ణయము. పరిహరింపరాని వైకల్యము గలవానికి కామ్యకర్మలలో లేకున్నను నిత్యకర్మలలో అధికారము కలదు. కుంటివాడు విష్ణుక్రమములు నడువలేడు, గ్రుడ్డివాడు ఆజ్యమును చూడలేడు; ఐనను నిత్యకర్మను శక్తికొలది చేసిన చాలును. భగవత్సేవ వైష్ణవునకు నిత్యమే గాని కామ్యము కాదు. గాన కుర్చీపై చేసిన ప్రదక్షిణము ప్రదక్షిణమే. నిలిచినచోటనే తిరుగు ఆత్మప్రదక్షిణమును అంగీకరించిన పెద్దలు, ఆలయము చుట్టు నిజముగా తిరిగివచ్చిన చక్రములను కాదనరు. శరణాగతికైతే ఏ అంగవైకల్యమును అడ్డు కాదు. అశక్తుడననెడి ఎరుకయే అచట అర్హత.

మరికొందరు "ఇది పూర్వజన్మ కర్మఫలము, ఓర్చుకొనవలెను; యంత్రములతో తప్పించుకొనరాదు" అందురు. ఇది మిక్కిలి క్రూరమైన మాట. కూరేశులు కన్నులు కోల్పోయిరి. ఆ మహనీయుని పాపాత్ముడనుటకు ఎవరి నాలుక ఆడును? శ్రీరామానుజులు కూడ "అనుభవింపుము" అని ఊరకుండలేదు. కాంచీ వరదుని కన్నులు వేడుమని శిష్యుని ప్రేరేపించిరి. వరదరాజస్తవము అట్లు వెలసినది. పోలియో విషయమున కర్మఫలమని చేతులు కట్టుకొని కూర్చున్నచో, 2014 మార్చి 27న మన దేశము ఆ వ్యాధి నుండి విముక్తమైనదను ప్రకటన వెలువడెడిది కాదు. కర్మసిద్ధాంతము తన కష్టమునందు ధైర్యము నిచ్చుటకే గాని పరుల కష్టమునందు ఉపేక్షకు కాదు.

వైష్ణవులకు మరియొక సూక్ష్మమైన శంక కలుగవచ్చును. జీవునకు పారతంత్ర్యమే స్వరూపము గదా, ఒకరి సాయము లేక తిరుగవలెనను స్వాతంత్ర్యకాంక్ష దోషము కాదా? కాదు. మన పారతంత్ర్యము భగవంతుని యెడ, భాగవతుల యెడ. మంచినీటికి, కాలకృత్యములకు సైతము ఇతరుల తీరికకై గంటలకొలది వేచియుండుట పారతంత్ర్యము కాదు, నిర్బంధము. కైంకర్యము చేయువానికి కొంత కదలిక కావలెను. తన చేతితో పూలు కోసి తెచ్చి సమర్పింపగోరిన భక్తుడు స్వతంత్రుడు కాగోరుట లేదు, దాసుడు కాగోరుచున్నాడు.

శుచిత్వమును గూర్చిన శంక మాత్రము న్యాయమైనదే. వీధి బురదను త్రొక్కిన చక్రములు మంటపములోనికి రారాదు. ఐనచో పాదములు కడుగుకొనునట్లే చక్రములను కడిగి తడిగుడ్డతో తుడువవచ్చును. లోపల వేరొక కుర్చీని ఉంచి అందులోనికి మారుమనుట కొందరికి సులభమే. వెన్నెముక దెబ్బతిన్నవారికి కాదు. వారి కుర్చీ వారి దేహపు కొలతలకు అమరియుండును. స్పర్శ తెలియని శరీరమును అజాగ్రత్తగా ఎత్తిన పుండ్లు పడి నెలల తరబడి బాధించును. గాన ఏది తగునో వారినే అడుగవలెను. రద్దీలో ఇతరుల కాళ్లపై చక్రములు ఎక్కకుండ చూచుకొనుట కుర్చీలోనివారి ధర్మము. ఇరుకైన గర్భాలయ ద్వారము వద్ద ఆగుట అందరి ధర్మము.

1163లో రుద్రదేవుడు నిర్మించిన మన వేయిస్తంభముల గుడి ఎత్తైన జగతిపై నిలిచినది. శివునకును, విష్ణువునకును, సూర్యునకును నెలవైన అట్టి ప్రాచీన కట్టడములను పగులగొట్టవలెనని ఎవరును కోరరు. తీసిపెట్టదగిన చెక్క వాలుబాటలు చాలు. ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవు ఉండవలెనని నియమము. మూడడుగుల అరుగునకు ముప్పదియారు అడుగులు. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో నున్నది. ప్రవేశసౌకర్య ప్రమాణములు కేవలము సూచనలుగా మిగులరాదని, తప్పనిసరి కావలెనని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పినది. చట్టము దండించునని కాక, మునివాహనుల గాథను వినినవారమని మనమే ముందు నడువవలెను. గృహస్థులును ఆ వాలుబాటపై చెప్పులు విడువక, బండి నిలుపక, రాత్రి బ్యాటరీకి చార్జింగు పెట్టుట సేవగా భావింపవలెను.

ఓరుగల్లు సీమలోని బమ్మెరకు చెందిన పోతనామాత్యుడు గజేంద్రమోక్షణమున చూపిన దృశ్యము మన మెరుగనిది కాదు. కాలు మొసలికి చిక్కి కదలలేని ప్రాణి మొరపెట్టగా, స్వామి గరుత్మంతుని సిద్ధపరచుటకు సైతము ఆగక పరుగుపరుగున వచ్చెను. కదలలేనివాని కొరకు తన వాహనమును మరచినవాడు, కదలలేనివాడు వాహనముపై వచ్చెనని అలుగునా? ఆ గృహిణికి నే నిచ్చిన సమాధాన మిదియే: "అమ్మా, చక్రములు కడిగికొని, గోవింద నామము పలుకుచు ప్రదక్షిణము చేయుము. నీ కుర్చీ నీకు పాదమే."

శ్రియఃపతి కరుణచే మన ఆలయద్వారములు భక్తులందరికిని సుగమములగు గాక!