అసలు విలువంతా ఆ చివరి గడిలోనే

ఒక కంపెనీని కొనాలంటే ఎంత పెట్టొచ్చు? ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో వేసవి ఇంటర్న్‌గా చేరిన విద్యార్థి ముందుకు త్వరగా వచ్చే లెక్క ఇది. రాబోయే ఐదేళ్లో పదేళ్లో ఆ కంపెనీకి ఏటా ఎంత నగదు మిగులుతుందో అంచనా వేస్తారు. రేపొచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయికి సాటి రాదు కనుక, ఒక రేటు చొప్పున తగ్గించి నేటి విలువకు తెస్తారు. మరి ఆ పదేళ్ల తర్వాత? కంపెనీ తలుపులు మూసుకోదు కదా. అందుకని ఎక్సెల్ షీటులో చివరి ఏడాది పక్కన ఒక గడి పెట్టి, ఆపై కాలమంతటి విలువనూ అందులో పోస్తారు. దాన్నే టెర్మినల్ వాల్యూ అంటారు. చాలా లెక్కల్లో మొత్తం ధరలో సగానికి పైగా ఆ ఒక్క గడి నుంచే వస్తుంది.

చివరి ఏడాది నగదు 100 కోట్లు, తగ్గింపు రేటు 10 శాతం, ఆపై ఎదుగుదల ఏటా 3 శాతం అనుకుంటే ఆ గడిలో 1,471 కోట్లు పడతాయి. ఆ 3ని 4 చేస్తే 1,733 కోట్లు. ఫ్యాక్టరీలో ఒక్క మర కూడా అదనంగా తిరగలేదు. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కితే 262 కోట్లు పుట్టాయి.

లండన్‌లో ఇలాంటి లెక్కలు వేసే అద్దాల మేడలు కొన్ని కానరీ వార్ఫ్‌లో ఉన్నాయి. ఆ నేల చరిత్రే అంచనాల మీద ఒక వ్యాఖ్యానం. 1802లో అక్కడ వెస్టిండియా డాక్స్ తెరిచారు, కరీబియన్ తోటల్లో బానిసలు పండించిన చక్కెర దిగుమతి కోసం. 1980లో మూసేశారు. తర్వాత ఆఫీసులు కట్టారు. 235 మీటర్ల వన్ కెనడా స్క్వేర్ 1991లో పూర్తయింది; దాన్ని కట్టిన కంపెనీ మరుసటి ఏడాదే దివాలా తీసింది. కాస్త తూర్పుగా వెళ్తే ‘ఈస్ట్ ఇండియా’ అనే రైల్వే స్టేషన్ వస్తుంది. 1611లో మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్న కంపెనీ ఓడల కోసం 1806లో తవ్విన రేవు అక్కడుండేది. ఆ కంపెనీకి ముగింపు ఉంటుందని ఒకప్పుడు ఎవరూ లెక్కేసి ఉండరు. 1874లో అదీ రద్దయింది.

ఇంత వెనకటి చరిత్ర చూసే తీరిక ఇంటర్న్‌కు ఉండదు. ఆ సీటు దొరకడమే గగనం. గోల్డ్‌మన్ శాక్స్ 2024 వేసవి ఇంటర్న్‌షిప్‌లకు ప్రపంచమంతటి నుంచీ 3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సీట్లు 3 వేల లోపే. దొరికాక కూడా అది కొలువు కాదు, పది వారాలు సాగే ఇంటర్వ్యూ. చివర్లో శాశ్వత ఉద్యోగం ఆఫర్ వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. జీతం బాగానే ఇస్తారు, కానీ ఆ జీతం కోసం అక్కడికి వెళ్లినవాళ్లు అరుదు. వేసవి మొత్తాన్నీ ఒక షీటుగా పరిస్తే పది వారాల వరసలన్నీ దాదాపు ఖాళీ. విలువంతా పదకొండో గడిలోనే.

అందుకే ఆ వారాలను ఎలాగైనా ఖర్చుపెట్టవచ్చనే ధోరణి వస్తుంది. పగలంతా పెద్ద బ్యాంకర్లు క్లయింట్లతో ఉంటారు. సాయంత్రం తిరిగొచ్చి, క్లయింట్లకు చూపే పిచ్‌బుక్ మీద దిద్దుబాట్లు రాసి ఇచ్చి ఇంటికెళ్తారు. ఇంటర్న్ పని అప్పుడు మొదలవుతుంది: చార్టుల రంగులు, అంకెల వరసలు, ఫుట్‌నోట్ల సైజు. మధ్యాహ్నమంతా పని లేకపోయినా కుర్చీలో కనిపించాలి. తెల్లవారుజామున టాక్సీలో గదికి చేరి, టాక్సీని కింద ఆపి, స్నానం చేసి, అదే టాక్సీలో ఆఫీసుకు తిరిగిరావడానికి లండన్ ఇంటర్న్‌ల మధ్య ‘మ్యాజిక్ రౌండబౌట్’ అని ముద్దుపేరు కూడా ఉండేది.

2013 ఆగస్టులో, లండన్‌లో ఒక అమెరికన్ బ్యాంకులో ఇంటర్న్‌గా ఉన్న 21 ఏళ్ల జర్మన్ విద్యార్థి తన బసలో చనిపోయి కనిపించాడు. వరసగా మూడు రాత్రులు తెల్లవార్లూ పనిచేశాడని అప్పట్లో పత్రికలు రాశాయి. మూర్ఛ వల్ల మరణించాడని విచారణ తేల్చింది. అలసట ఆ మూర్ఛను రేపి ఉండవచ్చు గానీ రూఢిగా చెప్పలేమన్నారు విచారణాధికారి. ఇంటర్న్‌షిప్ ముగియడానికి కొద్ది రోజులే మిగిలాయి. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన వేసవి ఇంటర్న్‌లకు ఒక నియమం పెట్టింది: అర్ధరాత్రి లోపు ఆఫీసు వదలాలి, ఉదయం 7 కంటే ముందు రాకూడదు. మధ్యలో ఎన్ని గంటలున్నాయో లెక్కపెట్టినవాళ్లు నవ్వుకునే ఉంటారు.

ఇదంతా మన పిల్లలకు మాత్రం కొత్తగా అనిపించదు. బ్రిటిష్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతూ, చివరి ఏడాదికి ముందు వేసవిలో ఈ మేడల్లోకి అడుగుపెట్టే తెలుగు విద్యార్థికి ఆ తర్కం ఎప్పుడో వంటబట్టింది. ‘ఈ రెండేళ్లు కష్టపడు చాలు, తర్వాత లైఫ్ సెట్’ అన్నమాట ఇంటర్మీడియట్ హాస్టల్లో విననివారు ఎవరు? సెలవుల్లో బ్రిడ్జి కోర్సులు, తెల్లవారకముందే స్టడీ అవర్లు. అక్కడా ఆ రెండేళ్లకు సొంత విలువ లేదు. అంతా ర్యాంకు అనే గడిలోనే. లండన్ వాళ్లు కొత్తగా నేర్పిందల్లా దానికో సూత్రం.

విచిత్రం ఏమిటంటే ఆ గడి ఎంత బలహీనమో అందరికంటే బాగా తెలిసినవాడు ఇంటర్నే. వేరే కంపెనీ లెక్కలో ఎదుగుదల 4 శాతం కనబడితే ఎందుకంత అని నిలదీయమని అతనికి నేర్పుతారు. తన సొంత లెక్కలో మాత్రం ఆ అంకెను తాకడు. తాకితే ఎలా? ఇంటి దగ్గర విద్యా రుణం వడ్డీ నెలనెలా పెరుగుతూ ఉంటుంది. పదకొండో గడి సున్నా కావచ్చని ఒప్పుకునే స్థోమత అతనికి లేదు. దీన్ని దురాశ అనేవాళ్లకు ఆ రుణపత్రం మీద సంతకం పెట్టింది ఎవరో గుర్తుండదు.

అయినా ఆ ఖాళీ వరసల్లో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. ఒక సూపర్‌మార్కెట్ సంస్థ వార్షిక నివేదిక తిరగేస్తూ, అకౌంటింగ్ నియమం మారడంతో అద్దె దుకాణాల బాధ్యతలు 2019 నుంచి అప్పుల పక్కకు ఎలా చేరాయో, దాంతో దుకాణాలూ సరుకూ ఏమీ మారకుండానే అప్పు ఎలా పెరిగినట్టు కనబడిందో మొదటిసారి అర్థమైన రాత్రి ఉంటుంది. ఆ ఆనందానికి ఆఫరుతో పనిలేదు. దాన్ని రాసుకోవడానికి మాత్రం షీటులో ఏ కాలమ్‌లోనూ చోటు లేదు.

ఇక ఆఫర్ వస్తుందనుకుందాం. ఉద్యోగంలో స్థిరపడకముందే, కంపెనీలను కొని అమ్మే ప్రైవేట్ ఈక్విటీ సంస్థల నుంచి పిలుపులు మొదలవుతాయి: రెండేళ్ల తర్వాత చేరాల్సిన కొలువుకు ఇప్పుడే ఇంటర్వ్యూ. అది ఎంత దూరం పోయిందంటే, 2025 జూన్‌లో జేపీ మోర్గాన్ తన కొత్త అనలిస్టులకు హెచ్చరిక పంపింది. చేరకముందు గానీ, చేరిన 18 నెలల్లోపు గానీ మరోచోట ముందస్తు ఆఫర్ ఒప్పుకుంటే ఉద్యోగం ఊడుతుందని.