బేరమాడేదెవరు?

మా అత్తగారి చదువు అయిదో క్లాసు. అల్లూరు దాటి వెళ్ళిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆవిడ ఒకసారి అన్నమాట, కోర్టు తీర్పుల వార్తలు చదివినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

చెల్లెలు పోయాక ఆ పిల్లనూ, పిల్ల నగలనూ ఆవిడే చూసుకునేవారు. కాలేజీ ఫీజు కోసం కాసులపేరు అమ్మాల్సి వచ్చింది. దానిమీద నాకు ఎప్పట్నుంచో మనసు.

"బజారు ధరకు పైసా తగ్గకుండా ఇస్తాను, నేనే తీసుకుంటా అత్తయ్యా" అన్నాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "నువ్వు కొంటే ఆ పిల్ల తరఫున బేరమాడేదెవరమ్మాయ్? నేనా, నా కోడలితోనా?" అన్నారు.

అంతే. నగ నెల్లూరు వెళ్ళిపోయింది. నన్ను దొంగను చేసిందే అని వారం రోజులు ముభావంగా తిరిగాను.

సదావర్తి సత్రం భూముల గొడవ చదివినప్పుడు ఆ మాట మళ్ళీ చెవిలో పడింది. అప్పటి గుంటూరు జిల్లా అమరావతిలోని ఆ సత్రానికి చెన్నై దగ్గర తాళంబూరులో ఉన్న 83 ఎకరాల పైచిలుకు భూమిని 2016లో వేలం వేస్తే 22.44 కోట్లు పలికింది. కొన్నవారిలో ఒక ప్రభుత్వ కార్పొరేషన్ చైర్మన్ కుటుంబీకులు ఉన్నారని విమర్శ వచ్చింది. బహిరంగ వేలంలోనే కొన్నారు కదా, తప్పేముందని జవాబూ వచ్చింది. ప్రతిపక్ష శాసనసభ్యుడు ఆళ్ళ రామకృష్ణారెడ్డి హైకోర్టుకెళ్ళారు. 2017లో మళ్ళీ వేలం వేస్తే పాట 60.30 కోట్ల దాకా పోయింది. పాడినంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదనుకోండి. అయినా ఆ తేడా చూసి ఎవరికైనా గుండె ఝల్లుమనదూ!

ఆ చైర్మన్ చేతిలో వేలం లేదు కదా అని నాలో నేనే వాదించుకున్నాను. నిజమే. మరి మా వైపు గుడి మాన్యం కౌలు పాట జరుగుతుంటే, పెద్ద అధికారి బావమరిది వచ్చి ముందు వరసలో కూర్చున్నాడనుకోండి. ఆయన ఎవర్నీ బెదిరించక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. "మనకెందుకులే" అని మిగతావాళ్ళు ఒక్కొక్కరే పైపంచె దులుపుకుని లేచిపోతారు. వేలం బహిరంగమే, తలుపులు తెరిచే ఉన్నాయి. పాడేవాళ్ళే ఉండరు!

చట్టం ఇది ఏనాడో గ్రహించింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, కోర్టు అమ్మకంతో సంబంధమున్న ఉద్యోగి స్వయంగా గాని, చాటుగా గాని పాట పాడకూడదు. మన రాష్ట్రపు 1987 దేవాదాయ చట్టం ముందుగా అనుమతి తీసుకుని, బహిరంగ వేలంలోనే అమ్మమంటుంది. కాని బంధుత్వాలు, పరిచయాలు, మొహమాటాలు ఏ సెక్షనుకు అందుతాయి చెప్పండి? అక్కడ మనిషి తనంతట తానే తప్పుకోవాలి.

దేవుణ్ణి చట్టం మైనరుతో సమానంగా చూస్తుందట. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. ఎంత పెద్ద దేవుడైనా "నా పొలం ఇంత తక్కువకా?" అని అడగలేడు. సత్రంలో అన్నం తినాల్సిన బాటసారీ అడగలేడు. మా ఇంట్లో తల్లి లేని ఆ పిల్లా అడగలేకపోయేది. వాళ్ళ తరఫున గట్టిగా అడగాల్సిన మనిషికి, కొనేవాడు తనవాడైతే గొంతు పెగలదు. అందుకు ఆ మనిషి చెడ్డవాడే కానక్కర్లేదు. నేను నిజాయితీగానే డబ్బు ఇవ్వబోయాను, మా అత్తగారికి ఆ సంగతీ తెలుసు. ఆవిడ అనుమానించింది నన్ను కాదు, కోడలి ముందు మెత్తబడే తన మనసును!

ఇది అర్థమవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎవరి మెడలోనైనా కాసులపేరు కనిపిస్తే, అదేనేమోనని ఒకసారి తొంగి చూస్తూనే ఉంటాను.