న్యాసధర్మము

ఒక మనిషి విడిచిపోయిన ధనమును పంచుకొనుటకు శాస్త్రమున్నది, న్యాయస్థానమున్నది. అతడు విడిచిపోయిన విద్యను స్వీకరించుటకు అట్టి నియమమేదీ లేదు. అందులో పుచ్చుకొనదగినదేది, త్యజింపదగినదేది, ఎవరికి ఎంత ఋణపడి ఉన్నాము అన్న ప్రశ్నలను ప్రతి తరమూ తనకు తానే తేల్చుకొనవలెను. ఆ విద్య పరపాలనాకాలమున, పాలకజాతికి చెందినవాని చేతులమీదుగా వచ్చినదైనప్పుడు ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అట్టి సందర్భమొకదానిని ఇక్కడ విచారింతము.

కలకత్తా చౌరంగీలోని ఇండియన్ మ్యూజియమును అక్కడి జనులు జాదూఘర్ అంటారు. 1814లో ఏషియాటిక్ సొసైటీ ఆశ్రయమున పుట్టిన ఆ సంస్థకు 1907లో థామస్ నెల్సన్ అన్నండేల్ అధిపతి అయినారు. 1876లో ఎడింబరోలో జన్మించిన జంతుశాస్త్రజ్ఞుడాయన. పదవికి వచ్చిన ఏడాదే మ్యూజియము పక్షాన రెండు శాస్త్రపత్రికలు వెలువడినవి. 1916 జూలై 1న భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడగా దానికి ఆయనే తొలి డైరెక్టరైనారు. 1924 ఏప్రిల్‌లో, నలుబది ఎనిమిదేండ్లైనా నిండకముందే, కలకత్తాలో కన్నుమూసినారు.

జాదూఘర్‌కు వచ్చేవారు తిమింగిలపు ఎముకలను చూచి అబ్బురపడవచ్చును. అన్నండేల్ మనసు మాత్రము మంచినీటి స్పంజికలమీద, నత్తలమీద, చెరువు అడుగున రాళ్లనంటి బ్రతికే అల్పప్రాణులమీద నిలిచినది. 1914లో స్టాన్లీ కెంప్‌తో కలిసి చిలకసరస్సు జీవజాలమును పరిశీలింప పూనుకొన్నారు. ఆ సరస్సు దక్షిణభాగము నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. వానకాలమున ఏటినీరు వచ్చి సరస్సు తియ్యబడుతుంది. వేసవిలో కడలి ఉప్పు పైచేయి అవుతుంది. ఈ మార్పును ఏ ప్రాణి ఎట్లు తట్టుకొంటున్నది? పేర్లు పెట్టి వరుసగా పేర్చుటతో తృప్తిపడక ఆయన ఈ ప్రశ్న వేసినారు. ఆనాడు వ్రాసియుంచినందువలననే, సరస్సులో ఏమి నశించినది, ఏమి మిగిలినది అని తరువాతివారు పోల్చి చూడగలిగినారు.

ఒక ప్రాణిని పట్టి, చంపి, సారాయములో భద్రపరచుట నిర్దోషమైన పని కాదు. ఆ దోషమునకు నిష్కృతి ఏదైనా ఉన్నచో అది సీసాకు కట్టిన చిన్న చీటీలో ఉన్నది. ఎక్కడ దొరికినది, ఎన్నడు, ఎవరు తెచ్చినారు అన్న మూడు మాటలు లేనిచో అందులో ఉన్నది వట్టి కళేబరము. అవి ఉన్నచో నూరేండ్ల తరువాత పుట్టినవాడు కూడా దానిని ప్రశ్నింపగలడు. ఈ భద్రత దానంతట అది నిలుచునది కాదు. యుద్ధభయముచేత 1942లో సంస్థను కాశీకి తరలించినారు. మరుసటి ఏడు వరుణానది వరదలో నమూనాలెన్నో చెడినవి. సేకరించినవాడు ఎంత గొప్పవాడైనా, ప్రతి తరమూ మరల కాపాడనిచో ఆ వారసత్వము నిలువదు.

రెండవ వారసత్వము మనుషులు. 1919లో లాహోరు వెళ్లినప్పుడు సుందర్‌లాల్ హోరా అనే యువకుని గుర్తించి అన్నండేల్ కలకత్తాకు పిలిచినారు. కొండయేళ్లలోని చేపలనుగూర్చి హోరా చేసిన కృషి లోకమెరిగినది. ఆయనా, నత్తల పరిశోధనలో అన్నండేల్‌కు తోడైన బేణీప్రసాదూ అనంతరము ఆ సంస్థకే డైరెక్టర్లైనారు. పాలకులకు పనివాండ్రు కావలసివచ్చి తయారుచేసుకొన్నారని ఆక్షేపింపవచ్చును. కావచ్చును, కాని పనివానికి పని నేర్పుట వేరు, ప్రశ్న వేయుట నేర్పుట వేరు. ప్రశ్న నేర్చినవాడు ఒకనాడు గురువునే ప్రశ్నింపగలడు.

మూడవ వారసత్వమే కఠినమైనది. అన్నండేల్ మనుషులను కూడా కొలిచినారు. కలకత్తాలోని ఆంగ్లో-ఇండియన్ల దేహప్రమాణములను సేకరించినారు. తల, ముక్కు కొలిచి జాతులకు అంతస్తులు కట్టుట ఆనాటి విద్యావంతులకు వ్యసనము. స్పంజికకు కాదనే నోరు లేదు, మనిషికి ఉన్నది. పాలకజాతివాడు కొలబద్ద పట్టి ఎదుట నిలిచినప్పుడు ఆ నోరు ఎంత పెగులునో ఊహింపవచ్చును.

1920లో నాగపురమున జరిగిన సైన్సు కాంగ్రెసులో ప్రశాంతచంద్ర మహలనోబిస్‌ను కలిసి, ఆ లెక్కలను పరిశీలింపుమని అన్నండేల్ కోరినారు. భౌతికశాస్త్రము చెప్పే ఆ యువాచార్యుని తొలి గణాంకవ్యాసము 1922లో మ్యూజియము పత్రికలోనే వెలువడినది. ఆ దారి సాగి 1936 నాటికి ఆయన పేరనే ప్రసిద్ధమైన 'దూరము' అనే సూత్రమునకు చేరినది. 1931లో ఆయన స్థాపించిన సంస్థకు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన సి. ఆర్. రావుగారు 1941లో వెళ్లి, ఆ గణితమును ఇంకెంతో విస్తరింపజేసినారు. నేడు దానిని యంత్రములలోని లోపములను పసికట్టుటకు సైతము వాడుతున్నారు. జాతులకు అంతస్తులున్నవన్న మాటను మాత్రము శాస్త్రము త్రోసిపుచ్చినది.

ఫలము మంచిదైనంత మాత్రాన మూలము శుద్ధమైనట్లేనా? కాదు. కొలిపించుకొన్నవారు ఆ సూత్రమును కోరలేదు. దాని ఫలములో వారికి భాగమూ రాలేదు. అయితే మూలము మలినమని ఫలమును పారవేయుటయు ధర్మము కాదు. అట్లు చేసినచో కొలిపించుకొన్నవారి శ్రమ కూడా వ్యర్థమగును. కృతజ్ఞత ఒకటి, దోషవిముక్తి మరియొకటి. అన్నండేల్‌పట్ల మొదటిది చూపినంత మాత్రాన రెండవదానిని ఇచ్చినట్లు కాదు.

మన పెద్దలు న్యాసమన్నారు: ఒకరు నమ్మి అప్పగించిన సొమ్ము. దానిని కాపాడువాడు తనదని అనుభవింపరాదు, నచ్చని భాగమును దాచివేయరాదు. మ్యూజియము అట్టి న్యాసమే. అందులోని ప్రతి సీసాకు చీటీ ఉన్నట్లే, మనుషుల కొలతలకూ చీటీ ఉండవలెను: ఎవరు కొలిచినారు, ఏ అధికారముతో, ఏ నమ్మకముతో. అన్నండేల్ తన స్పంజికలకు చూపిన ఆ నిజాయితీని ఆయన వారసత్వమునకే మనము చూపవలసియున్నది.