మణికట్టు గాయం ఖరీదు

2016 నవంబరులో పారిస్‌లో, క్రిస్టీస్ వేలంలో ఒక పాత రివాల్వర్ 4,34,500 యూరోలు పలికింది. మన డబ్బుల్లో అప్పటికి మూడు కోట్ల పైమాటే. ఆరు తూటాలు పట్టే 7 మిల్లీమీటర్ల లఫోషు రకం, జేబులో ఇమిడిపోతుంది. ఈ రకం తూటాకి పక్కన చిన్న సూది పొడుచుకొచ్చి ఉంటుంది. సుత్తి పడేది ఆ సూది మీదే. ఏ కథా లేని ఇలాంటి తుపాకీ యూరప్‌లో కొన్ని వందల యూరోలకే దొరుకుతుంది.

మరి మిగతా డబ్బంతా దేనికి?

1873 జూలై 10న పాల్ వెర్లేన్ దీన్ని బ్రస్సెల్స్‌లో కొన్నాడు. అదే రోజు మధ్యాహ్నం, హోటల్ గదిలో, తనని వదిలి వెళ్ళిపోతానంటున్న ఆర్థర్ రింబో మీద రెండుసార్లు పేల్చాడు. ఒక తూటా ఎడమ మణికట్టులో దిగింది, ఇంకోటి గురి తప్పింది. వెర్లేన్‌కి 29 ఏళ్ళు, రింబోకి 18. అంటే ఆ లక్షల యూరోలు ఒక కుర్రాడి మణికట్టుకి. మొరటుగా ఉంది కదా, కానీ ఇంకోలా ఎలా చెప్పాలో తెలీలేదు.

ఆ వేలం వార్త చదివినప్పుడు నాకు ముందు కలిగింది అసహ్యం కాదు, అసూయ. ఫొటోని ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను. కవిత్వం చదివేవాళ్ళం కాబట్టి తుపాకీల మోజు మనకి ఉండదనుకుంటాం గానీ, ఇది ఆ మోజే. కాస్త సాహిత్యం పూసుకుందంతే.

పాత తుపాకీలు దాచేవాళ్ళకి కొన్ని నియమాలుంటాయి. తళతళలాడేలా పాలిష్ చెయ్యకూడదు, పాతదనం పోతే విలువా పోతుంది. తోలు సంచిలో ఏళ్ళ తరబడి ఉంచకూడదు, తోలు చెమ్మ పట్టి ఇనుము తుప్పెక్కుతుంది. పల్చగా నూనె రాసి, తేమ తగలకుండా పెట్టాలి. మొత్తమ్మీద దాన్ని ఎలా ఉందో అలాగే ఆపెయ్యాలి. ఈ తుపాకీ విషయంలో ఆపేది జూలై 10ని.

ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంటుంది. గాయపడ్డవాడు ఆ రోజుని ఆపుకోలేదు. రింబో ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. అయినా కోర్టు వెర్లేన్‌కి రెండేళ్ళ జైలు వేసింది, అది వేరే సంగతి. ఆ వేసవిలోనే ‘నరకంలో ఒక ఋతువు’ పూర్తి చేశాడు, కొన్నేళ్ళకి కవిత్వమే మానేశాడు. తర్వాత ఆఫ్రికాలో వ్యాపారిగా మెనెలిక్‌కి తుపాకులమ్మాడు. అవి ఎవరి ఒంట్లో తూటాలు దించాయో ఏ వేలం కేటలాగూ రాయదు. తను వదిలేసిన గాయాన్ని మనం నూనె రాసి దాచుకోవచ్చా?

చట్టాలు కూడా దీన్ని ఒకే రకంగా చూడవు. ఫ్రాన్స్‌లో 1900కి ముందు మోడల్ అయితే చాలావరకు పురావస్తువే. మన 1959 ఆయుధాల చట్టం తేదీతో సరిపెట్టుకోదు. పాతదైనా సరే, మరమ్మతు చేసినా పేలనిదైతేనే మినహాయింపు. పేలగలిగినంత కాలం అది తుపాకీయే. గుమాస్తా భాషలో రాసినా, ఇందులో వేలంపాటలో లేని నిజాయితీ ఉంది.

వాన్ గో తనని కాల్చుకున్నదని చెప్పే రివాల్వర్ ఇంకోటుంది. అదీ 7 మిల్లీమీటర్ల లఫోషుయే. 1960 ప్రాంతంలో ఓవేర్ పొలంలో ఒక రైతుకి దొరికింది. అదేనని తేల్చే రుజువు లేదు. 2019లో 1,62,500 యూరోలకి పోయింది. పిడి ఊడిపోయి, తుప్పు తినేసిన ఇనుపముక్క. దాన్ని చూస్తే మాత్రం నాకు అసూయ కలగలేదు. దాచాల్సింది ఏదైనా ఉంటే మట్టి ముందే తీసేసుకుంది.

రింబో తుపాకీ ఫొటో డిలీట్ చేద్దామని రెండుసార్లు అనుకున్నాను. ఇంకా ఉంది.