తీర్థపు రాళ్లు

చోడవరం, మాడుగుల, అనకాపల్లి ప్రాంతాల వాడుకలో తీర్థం అంటే జాతర. అమ్మవారి పండుగకు ఊరు ఊరంతా కూడి, రంగులరాట్నాలూ జీళ్ల దుకాణాలూ వెలసి, చుట్టాలు దిగే రోజును అక్కడివారు తీర్థమంటారు. సంస్కృతంలో, దాటడమనే అర్థం గల 'తౄ' ధాతువు నుంచి పుట్టిన ఈ మాటకు మొదటి అర్థం రేవు, అంటే ఏటిని దాటడానికో నీటిలోకి దిగడానికో వీలైన చోటు. ఈ రెండు అర్థాలకూ పైకి కనిపించేంత దూరం లేదు. రేవైనా జాతరైనా మనిషి తన రోజువారీ నేలను విడిచి వేరొకదాని అంచుకు వచ్చి నిలబడే చోటే. అయితే ఆ అంచుకు పవిత్రత రాతిలోనే ఉందా, లేక చూసేవాడి మనసు దాన్ని తెచ్చి రాతి మీద పెడుతుందా అన్నది భారతీయ దర్శనాలన్నీ ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న ప్రశ్న. చోడవరం వాసికి దీనికి జవాబు ఊళ్లోనే ఉంది. అక్కడి విఘ్నేశ్వరుడు స్వయంభువు, అంటే ఎవరూ చెక్కి నిలపకుండా తానుగా వెలసినవాడు అని భక్తుల నమ్మకం. ఆ జవాబును వెంటబెట్టుకొని తూర్పుగా సముద్రం దాకా వెళితే, దారిలో ప్రతి కొండ దగ్గరా దానికి ఒక పరీక్ష ఎదురవుతుంది.

సముద్రంలోకి పొడుచుకొని వచ్చిన రాతి నేలను భూగోళ శాస్త్రం భూశిరం అంటుంది. విశాఖపట్నం రేవుకు దక్షిణాన నిలిచిన యారాడ కొండ అటువంటిది. ఓడ మీది నుంచి చూసిన తెల్లవారికి అది డాల్ఫిన్ ముక్కులా తోచడంతో డాల్ఫిన్స్ నోస్ అన్న పేరు పడి, చివరకు ఆ పేరే నిలిచింది. కొంత భాగం నౌకాదళం అధీనంలో ఉన్న ఆ కొండ మీద 1957 నాటి దీపస్తంభం ఉంది. కెరటాల దెబ్బను కాచే ఈ సహజమైన గోడ చాటునే 1933లో హార్బరు తెరుచుకుంది. ఆ చాటు ఒక్కటే చాలక రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా చేయవలసి వచ్చిందన్న సంగతి, కొండ బలానికి కూడా ఒక మేర ఉందని గుర్తు చేస్తుంది.

ఆ కొండకు ఎదురుగా, నౌకలు లోపలికి వచ్చే కాలువకు ఆవలి ఒడ్డున, మూడు చిన్న గుట్టలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదీనా అనే సూఫీ గురువు దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి ఆలయం. చర్చి ఉన్న రాస్ హిల్‌కు ఆ పేరు 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్న రాస్ అనే దొర వల్ల వచ్చింది. వేంకటేశ్వరాలయాన్ని 1866లో బ్లాక్‌మూర్ అనే ఇంగ్లీషు కెప్టెన్ కట్టించాడని చెబుతారు. మత సామరస్యానికి ఉదాహరణగా ఈ మూడింటినీ ఉపన్యాసాల్లో చెప్పుకోవడం పరిపాటి, అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు విషయం తప్పిపోతుంది. బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలు నమోదు చేసిన ప్రకారం, రేవులోకి వచ్చే ఓడలూ రేవు విడిచే ఓడలూ దర్గా ఎదుట జెండాను మూడుసార్లు ఎత్తి దించేవి. బంగాళాఖాతపు గాలీ నీరూ ఆ గురువు మాట వింటాయని నమ్మి, ప్రయాణం క్షేమంగా ముగిసిన హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న పడవలను అక్కడ సమర్పించేవారు. ఇది ఒక మతంవారు మరొక మతాన్ని సహించడం కాదు. సముద్రం ముందు తమ చేతిలో ఏమీ లేదని తెలిసినవారు, ఆ తెలివిడి ఎక్కడ కలిగిందో అక్కడే తల వంచడం.

అలా వంచిన తల సత్యానికి వంగిందా, భ్రమకు వంగిందా అని శాస్త్రకారులు అడుగుతారు. భ్రమ ఎలా కలుగుతుందో వివరించే సిద్ధాంతాలకు ఖ్యాతివాదాలని పేరు; వాటిలో తరతరాలుగా నలిగిన ఉదాహరణ, చిత్రంగా, సముద్రతీరానిదే. ఇసుకలో మెరిసే ముత్యపు చిప్పను చూసి వెండి అనుకొని మనిషి వంగుతాడు. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యానికి ముందుమాటగా రాసిన అధ్యాస భాష్యంలో ఈ ఉదాహరణే చెబుతారు. అధ్యాస అంటే ఒకదాని మీద మరొకదాన్ని ఆరోపించడం. ఆ తరువాతి అద్వైతులు చెప్పేదాని ప్రకారం చిప్ప మీద తోచిన వెండి ఉన్నదీ కాదు, లేనిదీ కాదు, అది ఇటువంటిదని నిర్వచించడానికి వీలులేనిది. దగ్గరకు వెళ్లి చూడగానే ఆ భ్రమ రద్దవుతుంది, ఆ రద్దునే వారు బాధ అంటారు. రామానుజులు దీన్ని ఒప్పుకోలేదు. జ్ఞానమన్నది ఎప్పుడూ ఉన్నదాన్నే చూపుతుందని, సృష్టిలో భూతాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి ఉండటం వల్ల చిప్పలో వెండి అంశ కొంత నిజంగానే ఉందని, చిప్ప అంశే ఎక్కువ కావడం వల్ల అది కడియం చేయించుకోవడానికి పనికిరాదని ఆయన వాదం. మొదటిసారి విన్నవారికి ఇది మొండి వాదంలా తోచవచ్చు. ఈ తీరాన తిరిగినవారికి అంత తేలిగ్గా కొట్టిపారేయబుద్ధి కాదు.

అందుకు కారణం సింహాచలం. వరాహ నరసింహమూర్తి ఏడాది పొడవునా చందనపు పూతలో, చూడటానికి శివలింగంలాగే ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిస్తాడు. ఐతిహ్యం ప్రకారం రామానుజులు అక్కడికి వచ్చి, లింగంగా పూజలందుకొంటున్న ఆ మూర్తి విష్ణువేనని వాదించి గెలిచి గంధం ఒలిపించగా, మూర్తి నుంచి నెత్తురు చిమ్మిందట; అందుకే మళ్లీ పూత పెట్టి ఏడాదికి ఒక్క రోజు మాత్రం తీసే ఏర్పాటు జరిగిందట. కథ చరిత్ర అవునా కాదా అన్నది పక్కన పెడితే, అందులోని ఆలోచన చాలా లోతైనది: పై రూపాన్ని తప్పని రుజువు చేసినవారే, దాన్ని ఒలిచేస్తే గాయమవుతుందని తెలుసుకొని మళ్లీ కప్పవలసి వచ్చింది. స్థలపురాణంలో ఈ కొండకూ సముద్రానికీ చుట్టరికం కూడా ఉంది. ప్రహ్లాదుణ్ణి కడలిలోకి తోసి పైన కొండను పెడితే, స్వామి ఆ కొండను ఎత్తి బిడ్డను కాపాడాడని చెబుతారు.

చోడవరం దారిలో అనకాపల్లికి చేరువనున్న శంకరం గ్రామంలో ప్రశ్న ఇంకా చిక్కుపడుతుంది. అక్కడ జంటగా ఉన్న రెండు గుట్టల్లో ఒకటి బొజ్జన్నకొండ, అంటే బుద్ధుడి కొండ, రెండోది లింగాలకొండ. రెండో గుట్టపై బౌద్ధులు కొండరాతిలోనే వరసలు వరసలుగా మొక్కుబడి స్తూపాలు చెక్కుకున్నారు. బౌద్ధం మరుగుపడ్డాక గుండ్రని ఆ రాతి దిమ్మెలు ఊరివారి కంటికి శివలింగాలయ్యాయి. పురాతత్వవేత్త దీన్ని పొరపాటు అంటాడు, స్తూపమన్న పేరు వరకు అతని మాట నిజం. అయితే ఆ కంటికి అక్కడ ఏమీ లేకుండానే ఏదో తోచిందనడం సరికాదు, ఎందుకంటే ఆ దిమ్మెలను చెక్కిన చేతులు కూడా మొక్కడానికే చెక్కాయి. పేరు మారింది, వంగడం మారలేదు. ఇదే చోట దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉందని దాచకూడదు. కనుమ నాడు బొజ్జన్నకొండకు జనం తీర్థానికి చేరినప్పుడు, అక్కడి బౌద్ధ శిథిలాన్ని రాక్షసుడిగా తలచి రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం నడిచి, వారసత్వ పరిరక్షకుల పూనికతో ఆగింది. చూపు ఎప్పుడూ ఉన్నదాన్నే చూపుతుందన్న సిద్ధాంతానికి ఈ రాళ్ల దెబ్బ గట్టిగానే తగులుతుంది. రామానుజ పక్షాన చెప్పగలిగింది ఒక్కటే: చిప్పలో వెండి ఎంత ఉందో అంత చూడటం వేరు, ఉన్నదంతా వెండేనని, లేదా అంతా విషమేనని తీర్మానించి చేయి ఎత్తడం వేరు.

భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ ఈ వాదాన్ని మరో దారి పట్టిస్తుంది. 1976లో నౌకాదళం విమాన సర్వేలో బయటపడి, ఆ తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాల్లో వెలుగు చూసిన ఈ హీనయాన విహారానికి ఆ పేరు బండలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది, పక్కనే ఉన్న బావికొండకు బావుల వల్ల వచ్చినట్టే. శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి కాబట్టి ఓడల రాకపోకలతో భిక్షువులకు సంబంధం ఉండేదని తేలుతుంది. కంటి నిండా ఉప్పు నీరు, తాగడానికి మాత్రం వాన నీరే. దాన్ని పట్టి ఉంచడానికి వారు కొండను తవ్వి ఖాళీ చేశారు. స్వయంభువును నమ్మేవాడు రాతిలో ఉన్నదాన్ని వెతికితే, భిక్షువు రాతిలో లేని చోటును తయారు చేసుకున్నాడు. మహాపరినిర్వాణ సూత్రంలో బుద్ధుడు శిష్యులను 'అత్తదీప'గా ఉండమంటాడు. పాళీ భాషలో దీపమంటే వెలిగేదీ అవుతుంది, ద్వీపమూ అవుతుంది. ప్రాచీన వ్యాఖ్యాతలు ఇక్కడ ద్వీపమనే అర్థం తీసుకున్నారు. వరదలో మునగని నేల ఎవరికి వారే కావాలన్నది అందులోని తాత్పర్యం. మునగని నేలగా కనిపించే కొండ కొన మీద కూర్చొని, ఆశ్రయం ఆ కొండ కాదని నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు.

అసలు ఆ నేల మునగనిదేనా? ఈ తీరపు కొండలన్నీ ఎక్కువగా ఖొండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. ఎర్రని గార్నెట్ గింజలతో మచ్చలు మచ్చలుగా కనిపించే ఈ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొన్న బంకమట్టి. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూగర్భపు వేడికీ ఒత్తిడికీ గురై రూపాంతరం చెందింది. అప్పుడు దీనికి ఆనుకొని ఉన్న నేల ఇప్పుడు అంటార్కిటికాలో ఉంది; దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట రెండూ విడిపోగా ఏర్పడిన తెగిన అంచే ఈ తీరం. కాబట్టి కదలని దానికి గుర్తుగా మనిషి ఎంచుకొన్న రాయి, కదిలి మారి తెగిన దాని మిగులు. దీనితో స్వయంభువు అన్న నమ్మకం కూలిపోయిందనుకోవడం తొందరపాటే. ఆ మాట రాతి వయసు గురించి చెప్పేది కాదు. దైవం మనిషికి ఎదురుపడటంలో మొదటి అడుగు ఎవరిది అన్నదానికి జవాబు అది, ఆ అడుగు శిల్పిది కాదని చెప్పడమే దాని పని. భూగర్భ శాస్త్రం ఆ మాటను కాదనలేదు, అవుననీ అనలేదు.

విశాఖపట్నానికి ఆ పేరు రావడానికి మూలంగా చెప్పే వైశాఖేశ్వరుడి గుడి, కాశీయాత్రకు పోతూ ఇక్కడ విడిది చేసిన ఒక ఆంధ్ర రాజు కట్టించినదని, లాసన్స్ బేకు దక్షిణాన ఉండగా సముద్రం దాన్ని మింగేసిందని స్థానిక ఐతిహ్యం. గోపురం గాని, లింగం గాని, పునాది గాని చూపడానికి ఏమీ మిగలలేదు. అయినా ఆ చోటును తీర్థపు రాళ్లు అని పిలుస్తూ, అక్కడ సముద్రస్నానం పుణ్యమని జనం దిగుతూనే వచ్చారు. గుడి ఉన్నప్పుడు నీళ్లు గుడి కోసం పవిత్రమయ్యాయి. గుడి పోయాక రాళ్ల మధ్య నుంచి నీళ్లలోకి అడుగు పెట్టడమే మిగిలింది, తౄ అనే ధాతువు మొదట చెప్పింది కూడా అంతే.